గెలాక్సీల చుట్టూ నక్షత్రాల పొరలు ఎలా ఏర్పడతాయి?

ఒక పెద్ద గెలాక్సీలోకి చిన్న గెలాక్సీ దాదాపు సూటిగా వచ్చి పడి చెదిరిపోయినప్పుడు, దాని నక్షత్రాలే పెద్దదాని చుట్టూ పెంకుల్లాంటి పొరలుగా కనిపిస్తాయి.

చెదిరిన నక్షత్రాలు పెద్ద గెలాక్సీ గురుత్వాకర్షణకు చిక్కి, కేంద్రం మీదుగా ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంటాయి. ఉయ్యాల చివరికంటా వెళ్లినప్పుడు క్షణం ఆగినట్టు అనిపిస్తుంది కదా, ఇదీ అంతే. కేంద్రం దగ్గర వేగంగా దూసుకెళ్లిన నక్షత్రం, వెనక్కి తిరిగే చోట బాగా నెమ్మదిస్తుంది. అలా నెమ్మదించినవి ఒకే దూరంలో పోగుపడితే అదే పొర. శక్తి ఎక్కువున్న నక్షత్రాలు మరింత దూరం వెళ్లి ఆలస్యంగా తిరిగొస్తాయి. అందుకే పొర ఒక్కటే ఉండదు, చాలా ఏర్పడతాయి, అదీ తరచూ కేంద్రానికి ఒకటి ఇటువైపు, తర్వాతది అటువైపు.

హైడ్రా నక్షత్రమండలంలోని ఎన్‌జీసీ 3923 దీనికి చక్కటి ఉదాహరణ. ఆ దీర్ఘవృత్తాకార గెలాక్సీ చుట్టూ ఇలాంటివి 20కి పైగా గుర్తించారు.

వీటిని చూస్తే పేలుడుతో ఎగసిన వాయువు బుడగలని అనిపించవచ్చు. కాదు, ఇవి నక్షత్రాలే. పైగా అవి అక్కడే నిలిచి ఉండవు: కొన్ని లోపలికి పడిపోతుంటే వేరేవి వచ్చి చేరుతుంటాయి, పొర మాత్రం మెల్లగా బయటికి జరుగుతూ పోతుంది.