టెక్ సందేహాలు: మీట 4ఎల్‌లో ఉంది, బండి మాత్రం లేదు

ప్రశ్న: నేను టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటున్నాను. ఆటోమేటిక్ గేర్లున్న 2012 జీప్ రాంగ్లర్‌ను పాతదిగా కొన్నాను. ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) మీటను 4ఎల్‌లోకి (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే తక్కువ వేగపు స్థానం) లాగితే ఒక్కోసారి గరగరమంటుంది, ఒక్కోసారి ఇంజను తిరుగుతున్నా బండి కదలదు. 4హెచ్ (మామూలు వేగంలో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే స్థానం) మాత్రం బాగానే పడుతోంది. పాత యజమాని సస్పెన్షన్ మార్పించి బండిని రెండు అంగుళాలు ఎత్తించారు. మీటను కేస్‌కు కలిపే కేబుల్ సాగిపోయిందని, బిగిస్తే సరిపోతుందని ఒక మెకానిక్ చెప్పారు. ఈ పని నేనే చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, కానీ బిగించడాన్ని చివరి పనిగా పెట్టుకోండి. సైకిల్ బ్రేకు వైరు లాగడానికి మాత్రమే పనికొస్తుంది. మీ బండిలోని కేబుల్ లాగడంతో పాటు నెట్టాలి కూడా, అందుకే దాని లోపలి తీగ మందంగా, గట్టిగా ఉంటుంది. అలాంటి తీగ సాగడం అరుదు. అరిగేవి దాని చివరలు. కేస్ పక్కనుండే చిన్న చేతికి (కేస్ స్థానాన్ని మార్చే లివరుకు) ఒక గుండు ఉంటుంది. కేబుల్ కొసనున్న బుష్ (గిన్నెలాంటి చిన్న ముక్క) ఆ గుండుకు తొడుక్కుని ఉంటుంది. 2007 నుంచి 2018 వరకు వచ్చిన జేకే తరం రాంగ్లర్లలో ఈ బుష్ వదులై ఊడిపోవడం చాలామందికి ఎదురైన సమస్యే. అది పూర్తిగా ఊడకముందు, కొంచెం వదులైన దశలో, సరిగ్గా మీరు చెప్పిన లక్షణాలే కనిపిస్తాయి.

ఎందుకంటే ఈ కేస్‌లో స్థానాలు 2హెచ్ (రెండు చక్రాలకే శక్తి), 4హెచ్, ఎన్ (న్యూట్రల్), 4ఎల్ అనే వరుసలో ఉంటాయి. చేతి కదలికలో కొన్ని మిల్లీమీటర్లు తగ్గినా 4హెచ్ ఎలాగోలా పడుతుంది. అంచున ఉన్న 4ఎల్‌కు చేరడానికి మాత్రం ప్రయాణం చాలదు, పళ్ళు సగమే కలుస్తాయి లేదా కేస్ ఎన్‌లోనే ఆగిపోతుంది. మీ బండి కదలకపోవడానికి కారణం ఇదే కావచ్చు. దీన్ని తేల్చుకోవడానికి ఒక సులభమైన దారి ఉంది. డ్యాష్‌బోర్డు మీది ఫోర్‌వీల్ దీపానికి సమాచారం ఇచ్చే సెన్సర్ కేస్ మీదే ఉంటుంది కనుక, ఆ దీపం చెప్పేది కేస్ ఉన్న స్థానాన్ని, మీట ఉన్న స్థానాన్ని కాదు. రెండూ వేరువేరుగా చెబుతుంటే దీపాన్నే నమ్మండి.

ఇక ఎత్తు సంగతి. సస్పెన్షన్ మార్చి ఎత్తినప్పుడు ఛాసిస్, దానిమీది బాడీ, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ అన్నీ కలిసే పైకి లేస్తాయి, కాబట్టి మీటకూ కేస్‌కూ మధ్య దూరం మారదు. దూరం మారేది రెండు సందర్భాల్లో: ఛాసిస్ మీద దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే లేపినప్పుడు, లేదా చక్రాల వైపు శక్తిని తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం తగ్గించడానికి గేర్‌బాక్సు కింది అడ్డదూలాన్ని దించినప్పుడు. 1997–2006 నాటి టీజే తరంలో కేబుల్ బదులు కడ్డీలే ఉండేవి కనుక ఇలాంటి మార్పు చేసిన వెంటనే సర్దుబాటు తప్పేది. కేబుల్‌లో లెక్కకు వచ్చేది తొడుగుతో పోలిస్తే లోపలి తీగ ఎంత జరిగిందన్నదే, అందువల్ల తొడుగు బిర్రుగా లాగబడనంత వరకు, ఎక్కడా మడత పడనంత వరకు ఇబ్బంది ఉండదు. ఎత్తిన బండి అనగానే తప్పంతా ఎత్తుమీదకే నెట్టేయడం మనవాళ్ళకు అలవాటు. మీ విషయంలో అది సరికాదు. అయితే అడ్డదూలం దగ్గర దిమ్మలేమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి.

బండిని చదునైన చోట ఆపి, ఇంజను ఆపి, పొగగొట్టం చల్లారాక పని మొదలుపెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డుచెక్కలు పెట్టండి. దీన్ని లాంఛనం అనుకోవద్దు. కేస్ ఎన్‌లోకి వెళ్ళిందంటే గేర్‌బాక్సుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది, గేరు మీట 'పి'లో ఉన్నా బండి దొర్లుతుంది, ఆ సమయంలో మీరు దాని కిందే ఉంటారు.

తర్వాత కేబుల్ కొసను గుండు నుంచి మెల్లగా ఊడదీసి, కేస్ చేతిని మీ చేత్తోనే ఒక్కో స్థానానికి కదపండి. ప్రతి స్థానంలోనూ లోపలి స్ప్రింగు 'టక్' మని కూర్చోవడం వేళ్ళకు తెలుస్తుంది. 4ఎల్ పడకపోతే బలం పెట్టకండి. పళ్ళు ఎదురెదురుగా నిలిచి ఉంటాయి, సహాయకుడి చేత బండిని కొద్దిగా కదిపించి, చెక్కలు మళ్ళీ పెట్టి ప్రయత్నించండి. చేత్తో పెట్టినప్పుడు నాలుగు స్థానాలూ శుభ్రంగా పడితే కేస్ లోపల గేరు మార్చే ఏర్పాటు బాగున్నట్టే. చేత్తో పెట్టినా 4ఎల్ నిలవకపోతే లోపల గేర్లను జరిపే ఫోర్క్ అరిగి ఉండవచ్చు, అప్పుడు కేబుల్‌ను ఎంత సర్దినా లాభం లేదు.

కేస్ బాగుందని తేలితే బుష్‌ను చూడండి. వదులుగా ఉంటే మార్చండి. విడిగా బుష్‌లు దొరుకుతాయి, ఒక్క దానికోసం కేబుల్ మొత్తం కొనక్కర్లేదు. తొడుగును పట్టి ఉంచే బ్రాకెట్ల బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో, తొడుగు ఎక్కడైనా పొగగొట్టానికి తగిలి కరిగిందో చూసుకోండి. వీటిలో ఒకటి సరిచేయగానే చాలా బండ్లు దారికొస్తాయి.

అప్పటికీ తేడా ఉంటేనే సర్దుబాటు. కేస్ చేతిని, బండి లోపలి మీటను రెండింటినీ 4ఎల్‌లో పెట్టండి. కేబుల్ కొస ఏ బలమూ లేకుండా గుండుకు ఎదురుగా వచ్చి నిలవాలి. నిలవకపోతే పొడవును పట్టి ఉంచే లాకును విడిపించి, కొసను గుండుకు తొడిగి, తీగను దాని పొడవు దాన్నే చూసుకోనిచ్చి, లాకు తిరిగి వేయండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: మీట చక్కగా గాడి మధ్యలో కనిపించాలని కేబుల్‌ను దానికి తగ్గట్టు సర్దుతారు. ప్రమాణం కేస్‌ది, మీటది కాదు. నాలుగు స్థానాల్లోనూ మీట గాడి అంచుకు తగలకముందే కేస్ 'టక్' మనాలి.

పరీక్ష మట్టిదారిలో చేయండి, పొడి తారురోడ్డు మీద వద్దు. గంటకు 3–5 కిలోమీటర్ల వేగంలో గేర్‌బాక్సు మీటను 'ఎన్'లో ఉంచి, ట్రాన్స్‌ఫర్ కేస్ మీటను ఒకే ఊపులో 4ఎల్‌లోకి తీసుకెళ్ళండి. పూర్తిగా నిలిచి ఉన్న బండిలో పళ్ళు కలవక కాస్త మొరాయిస్తే దాన్ని లోపంగా లెక్కించకండి.

ప్రశ్న: విశాఖపట్నంలో నా పాత మారుతి జిప్సీ ఘాట్ దారిలో 4ఎల్ నుంచి తనంతట తానే జారిపోతోంది. దీనికీ కేబుల్ సర్దాలా?

జవాబు: జిప్సీలో కేబులే లేదు. మీట నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి దిగుతుంది. ఆ కేస్ గేర్‌బాక్సుకు విడిగా, రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. ఆ రబ్బర్లు చిరిగితే బరువు పడినప్పుడు కేస్ పక్కకు ఒరిగి, మీట ఫ్లోరు రంధ్రం అంచుకు తగిలి బయటికి నెట్టబడవచ్చు. మీట చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు పైకెత్తి, అంచున రాసుకున్న గుర్తులున్నాయేమో చూడండి. ఉంటే ముందు మౌంట్లు మార్పించండి. లేకపోతే మీట అడుగు బుష్‌ను, ఆ తర్వాతే కేస్ లోపలి భాగాలను అనుమానించండి.