కుమ్మరి చక్రం లేకుండా చేత్తో మట్టి పళ్లేలు, గిన్నెలు చేయడం విశాఖలో ఇంటివద్దే నేర్చుకోవచ్చా?

తప్పకుండా నేర్చుకోవచ్చు. మట్టి ముద్దలో బొటనవేలు దించి, తిప్పుతూ గోడను సమంగా నొక్కుకుంటూ వస్తే చిన్న గిన్నె తయారవుతుంది. పళ్లేనికైతే మట్టిని అప్పడాల కర్రతో సుమారు 6 మిల్లీమీటర్ల మందాన పరచాలి.

అసలు కష్టమంతా ఆరబెట్టడంలోనే ఉంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పైకి ఆరినట్టు కనిపించే గిన్నె లోపల తడిగానే ఉండవచ్చు, ఆ తడి కిల్న్‌లో (మట్టి పాత్రలు కాల్చే కొలిమిలో) 100 డిగ్రీల దగ్గర ఆవిరై గిన్నెను పగలగొడుతుంది. అలాగని సముద్రపు గాలి నేరుగా తగిలే బాల్కనీలో పెడితే అంచులు ముందే ఆరి పళ్లెం వంకరపోతుంది. అందుకే ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి నిదానంగా ఆరనివ్వండి; చెంపకు ఆనించినప్పుడు చల్లగా తగిలితే తడి ఇంకా ఉన్నట్టే.

భోజనానికి వాడే వాటికి సీసం లేని గ్లేజు (గాజులాంటి పైపూత) తప్పనిసరి. స్టోన్‌వేర్ (కాల్చితే రాయిలా గట్టిపడే) మట్టికి 1200 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి కనుక, కాల్చి ఇచ్చే స్టూడియోను ముందే మాట్లాడుకోండి.