పీహెచ్‌డీ లేకుండా కూడా రావచ్చండీ

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అయింది, బడుల్లో పెట్టే పథకాల ఫలితం లెక్కగట్టే పనికి పీహెచ్‌డీ తప్పదా అని అడిగారు. మొదట్లోనే అక్కర్లేదు. పేదరికం మీద పథకాలు పనిచేస్తున్నాయో లేదో పరిశోధించే జె-పాల్ దక్షిణాసియా లాంటి సంస్థలో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరొచ్చు. గణాంకాల సాఫ్ట్‌వేర్లు స్టాటా గానీ ఆర్ (R) గానీ చేతికి అలవాటవ్వాలి.

ముందు టీచర్ల బోనస్ మీద ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో వేసిన పేపర్ చదవండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడులే. లాటరీ తీసినట్టు వందేసి బడుల చొప్పున మూడు జట్లు చేశారు. రెండింటికి పిల్లల మార్కుల్ని బట్టి బోనస్, మూడోదానికి లేదు. రెండేళ్లకు లెక్కల సబ్జెక్టులో బోనస్ బడుల పిల్లలు 0.27 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) ముందున్నారు.

పరీక్ష రోజు రాని పిల్లల సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. వెనకబడ్డవాళ్లు మానేస్తే సగటు దానంతటదే పెరుగుతుంది. నేను మొదటి ఏడాది అక్కడే బోల్తాపడ్డాను, హాజరుపట్టీ తిరగేశాక గానీ తెలియలేదు.