నెల తిరక్కుండానే ఆగిపోతున్నాయి

ప్రశ్న: ఉద్యోగంలో ఎదగాలని, కొత్త భాష నేర్చుకోవాలని ఏటా రాసుకుంటాను. నెల తిరక్కుండానే అన్నీ ఆగిపోతాయి. లోపం ఎక్కడ?

జవాబు: మీరు రాసుకున్నవి కోరికలు, వాటిలో చేయాల్సిన పని లేదు. ‘రాత్రి కంచం కడగ్గానే 20 నిమిషాలు, 10 కొత్త మాటలు’ అని రాయండి. గంట చూసి పెట్టుకున్నది వాయిదా పడుతుంది, భోజనం మాత్రం రోజూ ఉంటుంది కదా! ప్రమోషన్ మీ చేతిలో లేదు. రిపోర్టు గడువుకు 2 రోజుల ముందే ఇవ్వడం మీ చేతిలో ఉంది, లక్ష్యంగా దాన్నే పెట్టుకోండి. ఆఫీసుది ఒకటి, సొంతది ఒకటి చాలు. ఆదివారం లెక్క చూసుకోండి. వారంలో 4 రోజులు కూడా కుదరకపోతే 20 నిమిషాలను 10 చేయండి, మానేయకండి. తప్పిన రోజు బాకీని మర్నాడు రెట్టింపు చేసి తీర్చాలనుకోవద్దు. చాలామంది చతికిలపడేది అక్కడే.