తమ్ముడి టీవీ బాగుందని కేసు వేయలేం, కానీ...

సందేహం: పద్నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో 55 అంగుళాల టీవీ కొన్నాను. పేరున్న రెండు కంపెనీలతో పోల్చి చూశాను. ఫీచర్లు అవే, ధర బాగా తక్కువ అనిపించి ఈ బ్రాండ్ తీసుకున్నాను. సైట్‌లో 120 హెర్ట్జ్ (అంటే తెర మీద బొమ్మ సెకనుకు 120 సార్లు మారుతుంది) అనీ, మూడేళ్ల వారంటీ అనీ రాశారు. ఇప్పుడు తెర మీద నిలువు గీతలు పడుతున్నాయి. ప్యానెల్‌కు, అంటే బొమ్మ కనిపించే తెరకు, వారంటీ ఏడాదేనట! పైగా అది 60 హెర్ట్జ్ ప్యానెలేనని సర్వీసుకు వచ్చినతను మాటల్లో చెప్పాడు. మా తమ్ముడు కాస్త ఎక్కువ పెట్టి కొన్న టీవీలో బొమ్మ ఎంతో బాగుంది. నా డబ్బు వాపసు వస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు తమ్ముడిగారి టీవీ సంగతి వదిలేయండి. వేరే బ్రాండ్ బొమ్మ ఇంకా బాగుందన్నది కేసు కాదు. తక్కువ ధరకు తక్కువ నాణ్యత అమ్మడం నేరం కాదు, లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడమే తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువులో ‘లోపం’ అంటే చెడిపోవడం ఒక్కటే కాదు. అమ్మేవాళ్లు ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం అందులో లేకపోయినా లోపమే. కాబట్టి మీ టీవీని పోల్చాల్సింది ఇంకో కంపెనీ టీవీతో కాదు, దాని గురించి వాళ్లే రాసుకున్న దానితో.

అందుకే 120 హెర్ట్జ్ పాయింటు మీకు గట్టిది. అయితే సైట్‌లో ఉన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా చూడండి. ‘రిఫ్రెష్ రేట్ (బొమ్మ మారే వేగం) 120 హెర్ట్జ్’ అని ఉంటే మీకు తిరుగులేదు. ‘మోషన్ రేట్ 120’ లాంటి సొంత పేరు ఏదైనా పెట్టి ఉంటే, అది సాఫ్ట్‌వేర్ సంగతి, ప్యానెల్ వేగం కాదని వాదిస్తారు. అప్పుడు కూడా తప్పుదోవ పట్టించే ప్రకటన అని మీరు వాదించవచ్చు, కాకపోతే అంత తేలిక కాదు.

వారంటీ విషయంలోనూ అంతే. ‘మూడేళ్లు’ అని పెద్దగా వేసి, ప్యానెల్‌కు ఏడాదేనని ఎక్కడో సన్నటి అక్షరాల్లో దాచడం చెల్లదు. పెద్ద అక్షరాల్లోని అబద్ధాన్ని కింద షరతుతో సరిదిద్దుకోకూడదని 2022లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అసలు ప్యానెల్ లేనిదే టీవీకి వారంటీ ఏమిటో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు.

ఎవరి మీద వేయాలన్నది చాలామంది తడబడే చోటు. టీవీ మీద ఉన్న పేరూ, తయారుచేసిన కంపెనీ ఒకటే కానక్కర్లేదు. మన దేశంలో కొడాక్, థామ్సన్ పేర్లతో వచ్చే టీవీలను లైసెన్సు మీద సూపర్ ప్లాస్ట్రానిక్స్ అనే కంపెనీ తయారుచేస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, కానీ నోటీసు సరైన చిరునామాకు వెళ్లాలి. అట్టపెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉంటాయి. వాళ్లనూ, బిల్లులో ఉన్న అమ్మకందారునూ, సైట్‌నూ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి.

సర్వీసతను నోటితో చెప్పినది సాక్ష్యంగా నిలవదు. మళ్లీ కంప్లయింట్ పెట్టి, మోడల్ నంబరు, గీతలు, ప్యానెల్ వివరం జాబ్ షీట్‌లో (సర్వీసువాళ్లు రాసిచ్చే కాగితంలో) రాయించుకోండి. సైట్ పేజీని ఈ రోజే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, రేపు మార్చేయవచ్చు. కేసు వేసే వినియోగదారుల కమిషన్‌లో ఆ స్క్రీన్‌షాట్లతో పాటు, ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు కావాల్సిన, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. కంపెనీవాళ్లు ఇదేమీ నిజం కాదంటే, టీవీని ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఫీజు మాత్రం ముందు మీరే కట్టాలి.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, కొన్ని గొడవలు అక్కడే తేలిపోతాయి. కానీ అక్కడ ఫిర్యాదు నడుస్తోందని ధీమాగా ఉండకండి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు, హెల్ప్‌లైన్ వల్ల అది ఆగదు. గీతలు పడిన రోజు నుంచి లెక్క అని మీరంటారు, 120 హెర్ట్జ్ విషయంలో కొన్న రోజు నుంచే అని అటువైపు లాయరు అంటాడు. ఆయన లెక్కే నిజమనుకుని కదలండి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరు ఉంటున్న ఊరి పరిధిలోనే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు.

మొత్తం సొమ్ము వెనక్కి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. పద్నాలుగు నెలలు వాడారు కదా, కొంత తగ్గించే అవకాశం ఉంది. కాబట్టి ఫిర్యాదులో ‘ఉచితంగా ప్యానెల్ మార్చాలి, లేదా టీవీ మార్చివ్వాలి, లేదా సొమ్ము తిరిగివ్వాలి’ అని మూడూ అడగండి. మానసిక వేదనకు, ఖర్చులకు పరిహారం విడిగా రాయండి. కేసు తేలేదాకా బయటి మెకానిక్ చేత టీవీ విప్పించొద్దు. విప్పితే గీతలకు కారణం అతనేనని తోసేస్తారు.