పాఠకుల సందేహాలు: పెరట్లో లీచీ ఎందుకు పూయడం లేదు?

ప్రశ్న: ఏడేళ్ల క్రితం నర్సరీలో కొన్న లీచీ అంటు మొక్క మా పెరట్లో ఏపుగా పెరిగింది గాని, ఇంతవరకు పూత రాలేదు. అసలు ఈ చెట్టు ఎక్కడిది? మా నేలలో కాయదా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అంటు మొక్క మామూలుగా నాలుగైదేళ్లకే కాపుకు రావాలి. ఏపుగా పెరుగుతోందంటే మీ నేలలో లోపం లేదు, దానికి అందనిది చలి.

లీచీ పుట్టిల్లు దక్షిణ చైనా. క్రీ.పూ. 111లో హాన్ చక్రవర్తి వూ దక్షిణ రాజ్యాన్ని జయించి, అక్కడి లీచీ చెట్లను తెప్పించి ఉత్తరాన ఉన్న తన రాజధాని చాంగాన్‌లో నాటిస్తే, అవి బతకలేదని చైనా గ్రంథాలు చెబుతాయి. మీ ఇబ్బంది సరిగ్గా దీనికి తిరగేసినది. గడ్డకట్టే చలి ఈ చెట్టును చంపుతుంది. బొత్తిగా చలి లేకపోతే బతుకుతుంది గాని పూయదు. శీతకాలంలో కొన్ని వారాలపాటు వాతావరణం చల్లగా, పొడిగా ఉంటేనే కొమ్మల చివర్లు చిగురు వేయడం మాని పూతకు సిద్ధమవుతాయి.

బర్మా మీదుగా మన దేశానికి వచ్చిన లీచీకి అలాంటి చలికాలం బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో దొరికింది. జాతీయ లీచీ పరిశోధన కేంద్రం అక్కడే ఉంది. అక్కడి షాహీ రకానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఫిబ్రవరిలో పూసి మే నెలలో ఎర్రబారే ఆ కాయ, కోశాక ఇక పండదు. పైగా రెండు మూడు రోజుల్లోనే తొక్క గోధుమరంగుకు తిరుగుతుంది. దూరప్రాంతాల్లో మంచి లీచీ అరుదు కావడానికి కారణం ఇదే.

అన్నట్టు, లీచీ మన కుంకుడు చెట్టు కుటుంబానిదే. గరుకు తొక్కను గోటితో వలిచి, గింజ చుట్టూ పెరిగిన తెల్లని కండను తిన్నాక మిగిలే నున్నటి మెరిసే గింజను చూస్తే ఆ చుట్టరికం తెలుస్తుంది.

ఇక మీ చెట్టు సంగతి. అక్టోబరు నుంచి నత్రజని ఎరువు ఆపి, నీళ్లు బాగా తగ్గించండి. చలికాలంలో కొత్త చిగురు వచ్చిందంటే ఆ కొమ్మకు ఆ ఏడు పూత ఉండదు. పూత కనబడి పిందె కట్టాక మాత్రం పాదు ఎండనివ్వకండి. ఇంత చేసినా తణుకు వెచ్చదనంలో కాపు వస్తుందని హామీ ఇవ్వలేను. మన రాష్ట్రంలో లీచీకి అనువైనవి చింతపల్లి వంటి ఎత్తైన ఏజెన్సీ ప్రాంతాలే.