మిక్సీ జోలికి మాత్రం పోకు

అమ్మడూ,

గంటస్తంభం దగ్గర కొన్న ఊలు చిలపల్ని, అదే ఆ వదులు దారం చుట్టల్ని, ఉండలు చుట్టలేక చేతులు పీకుతున్నాయనీ, మిక్సీకి అట్టగొట్టం బిగిద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ పని చెయ్యకు. మిక్సీ మోటారు నిమిషానికి 18,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఒకటో నంబర్లో పెట్టినా ఊలుకి అది చాలా ఎక్కువ.

నిన్ను అనడానికి నాకూ మొహం లేదులే. నేనూ ఒకప్పుడు టేబుల్ ఫ్యాను జాలీ, రెక్కలు ఊడదీసి ఇరుసుకి అట్టగొట్టం తొడిగినదాన్నే. మొదట ఎంత ముచ్చటగా చుట్టిందో! అంతలోనే దారం గొట్టం అంచు దాటి మోటారు వైపు దూకింది. వేళ్ల మధ్య పోగు చర్రున కోసేసింది. ప్లగ్ పీకేసరికి సగం చిలప ఇరుసుకి బిగుసుకుపోయింది. కత్తెరతో ముక్కలుగా కోసి తీశాను. ఫ్యాను బాగయ్యేదాకా మీ పెదనాన్న విసనకర్రతో విసురుకుంటూ నన్ను తిడుతూనే ఉన్నారు.

నీ దగ్గర కేకు పిండి గిలక్కొట్టే చేతి బీటరు ఉందిగా, అది పనికొస్తుంది. ఒక్క కాడే పెట్టు, రెండోది తీసెయ్. ఫాయిల్ అయిపోయాక మిగిలే అట్టగొట్టాన్ని జానెడు కోసి కాడ మీద తొడుగు. జారుతుంటే కాడకి రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టు. చిలపని తిరగేసిన స్టూలు నాలుగు కాళ్లకీ తొడిగి, ఆ స్టూలుని నీ కంప్యూటర్ ముందుండే తిరిగే కుర్చీలో పెట్టు. దారం లాగుతుంటే కుర్చీ దానంతటదే తిరుగుతుంది. మా చిన్నప్పుడు ఈ కుర్చీ పని పిల్లలది. చేతులు చాపి గంటసేపు కూర్చోవాలి, ముక్కు దురద పెట్టినా కదలకూడదు.

దారాన్ని పాత పంచె ముక్కలోంచి పోనివ్వు, వేలు కోసుకోదు. బీటరు అన్నిటికన్నా తక్కువ స్పీడులోనే ఉంచు. కాసేపు చుట్టి ఆపు, మోటారు మీద చెయ్యి పెట్టి చూడు, వేడెక్కితే వదిలెయ్. గాజులు తీసి, జడ ముడేసి, చున్నీ పక్కన పడేసి మరీ కూర్చో. ఉండ గట్టిగా చుట్టకు. ఊలు సాగిపోయి ఉంటుంది, దాంతో అల్లిన టోపీ ఉతగ్గానే ముడుచుకుని బాబు తలకి పట్టదు.

తడిసిన చిలపలకి వాషింగ్ మిషన్‌లో ఆరబెట్టే డబ్బాని మించింది లేదు, ముఖ్యంగా ముసురు రోజుల్లో. నాలుగు చోట్ల వదులుగా కట్టి, దిండు గలీబులో వేసి, రెండో వైపు బరువు సరిపడా తువ్వాలు పెట్టి, ఒక్క నిమిషం తిప్పితే చాలు. ఉతికే డబ్బాలో మాత్రం అసలు వెయ్యకు. అసలైన గొర్రె ఊలు వేడి నీళ్లలో రాపిడి పడితే గొంగళి ముక్కలా అతుక్కుపోతుంది, మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆరేసేటప్పుడూ తాడు మీద వెయ్యకు, ఊలు తడిస్తే బలం తగ్గి బరువుకి సాగుతుంది. తువ్వాలు మీద పరువు. నూలుతో ఆ భయం లేదు, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

పాత స్వెటరు విప్పితే వచ్చే ఉంగరాల దారానికి ఇడ్లీ పాత్ర ఉంది. చిలప కట్టి, చిల్లుల ప్లేటు మీద పెట్టి, ఐదు నిమిషాలు ఆవిరి పట్టు. తీసేటప్పుడు మూత నీకు అవతలి వైపుకి ఎత్తు. ఇదంతా గొర్రె ఊలుకే. చవగ్గా దొరికే ఆక్రిలిక్‌కి ఆవిరి ఎక్కువైతే బిగువు పోయి వేలాడుతుంది, ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగి మెరుస్తుంది. ఏదో తెలియకపోతే చిన్న పోగు పట్టకారుతో పట్టుకుని సింకులో కాల్చి చూడు. గొర్రె ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వేసి నలిపితే పొడవుతుంది, ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి ముద్దవుతుంది.

ఇంట్లో వస్తువుని ఇలా పనికి దించడం మనవాళ్లకి కొత్తేం కాదులే. పొందూరులో సన్న నూలు వడకడానికి పత్తిని వాలుగ చేప దవడతోనే కదా దువ్వుతారు! మొదట ఎవరికి తట్టిందో గాని, చేప తిన్నాక దవడ పారెయ్యకుండా దాచిన మనిషే అయి ఉంటుంది.

మీ అత్తగారికి చెప్పే బీటరు ముట్టుకో. పని అయ్యాక కాడకి చుట్టుకున్న పీచు ఏరి, కడిగి పెట్టు. మా ఇంట్లో ఒకసారి కేకులో నీలం ఊలు వచ్చింది.

మీ పెద్దమ్మ,
శ్రీకాకుళం